మొదటి బంతి

మా జగ్గయ్యపేట వైపు పెళ్ళి కుదిరితే ముందు ఒక వంటమేస్త్రికి ఖాళీ ఎప్పుడో కనుక్కుని, తర్వాత ముహూర్తం పెట్టించుకునేవాళ్ళు. ఆయన ఉలవచారుకి అంత పేరు. ఆ రుచి గురించి మగవాళ్ళు పెళ్ళయ్యాక కూడా వారం పాటు చెప్పుకునేవాళ్ళు. నేను ఏ పెళ్ళికి వెళ్ళినా వడ్డనలోనే ఉండేదాన్ని. ఆడవాళ్ళం ఆఖరి బంతిలో కూర్చునేసరికి ఆ చారు చల్లారిపోయి, నీళ్ళు కలిసి పలచబడి ఉండేది. నాకు ఒళ్ళు మండేది.

ఎనభైల్లో ఆయన నందిగామ బస్టాండు దగ్గర చిన్న హోటలు పెట్టాడని తెలిసింది. ఈసారి మొదటి బంతిలోనే తినాలని బస్సెక్కి వెళ్ళాను. తలుపులు తియ్యగానే అందరికంటే ముందు బల్ల దగ్గర కూర్చున్నాను.

"ఆడవాళ్ళకి లోపల తెర కట్టిన గది ఉందమ్మా," అన్నాడు సర్వరు.

"నేనిక్కడే తింటా. ఉలవచారు పట్రండి."

ఇంకోసారి చెప్పి చూశాడు. నేను కదల్లేదు. చివరికి విస్తరి వేసి, అన్నం పెట్టి, చారు పోసి, పైన మీగడ వేశాడు. పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నాలుక చుర్రుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వంటింటి గుమ్మంలోంచి మేస్త్రి చూశాడు.

"కాస్త ఊదుకుని తినమ్మా. పొయ్యి మీంచి దించిన చారు కాలుద్దని తెలీదా?"

రెండో ముద్ద కలుపుకుంటూ చెప్పాను.

"ఇన్నేళ్ళుగా మీ వంట తింటున్నానండి. ఊదుకోవాల్సిన అవసరం ఇవాళే వచ్చింది."