ఘనా ముఖాలకు జగిత్యాల మెరుగు

నిన్న ప్రెస్సుకు కొరియర్‌లో ఒక పుస్తకం వచ్చింది. షార్జాలో మేమే అచ్చువేసి ఓడెక్కించిన పుస్తకం, ఘనా దాకా వెళ్లి, రాసినవారి చేత మొదటి పేజీలో మా బావ పేరు రాయించుకుని మళ్లీ మా చేతికే వచ్చింది. అచ్చుపని వాడి చేతికి పుస్తకం వస్తే జరిగేవి వరుసగా చెబుతాను: ముందు వాసన చూస్తాడు, తర్వాత వీపు విరిచి కుట్టు చూస్తాడు, తర్వాత మార్జిన్లు చూస్తాడు. నేను అదే వరుసలో పోతుంటే బావ నా చేతిలోంచి లాక్కుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన వాసన చూడడు, కుట్టు చూడడు. ముఖాలు మాత్రమే చూస్తాడు. ఆ అలవాటు ఆయనకు మేం అచ్చువేస్తున్న ఈ ఆఫ్రికా గ్రంథమాల మొదటి పుస్తకంతోనే పట్టుకుంది.

అప్పుడు కరోనా ఇంకా పూర్తిగా వదల్లేదు. హోటళ్ల మెనూ కార్డులు ఆగిపోయాయి, మిగిలింది సూపర్ మార్కెట్ కరపత్రాలే. హైదరాబాదులో ప్రింటింగ్ టెక్నాలజీ చదివి వచ్చిన నేను పొద్దుగూకులూ కోడిమాంసం ఆఫర్లను, డిటర్జెంట్ డబ్బాలను పేజీలో సర్దుతూ ఉండేవాణ్ని. అలాంటి రోజుల్లో ఈ పని వచ్చింది. ఆఫ్రికా ఇవాళ ఎలా బతుకుతోందో చెప్పే పరిశోధన గ్రంథాలట. నగరాలు, సంతలు, వలసలు, సెల్‌ఫోన్లతో నడిచే వ్యాపారాలు. మొదటి పుస్తకం ఘనా రాజధాని అక్రాలో అంగళ్లు నడిపే ఆడవాళ్ల మీద. ఫైలు తెరవగానే నాకు పండగే. పాదసూచికలు, పటాలు, చివర అక్షరక్రమంలో విషయసూచిక! చదువుకునే రోజుల్లో ఒక పుస్తకంలో ఉండవలసినవని నేర్చుకున్నవన్నీ ఒకేచోట కనిపించాయి. నా హడావుడి చూసి బావ నవ్వాడు.

"గీ పుస్తకంల కోడి రేటు ఏడుందిరా బామ్మర్ది?"

బావ అంటే మా అక్క భర్త. ఈ ప్రెస్సులో నాకు వీసా ఇప్పించింది ఆయనే. ఫొటోలు సరిచేసే పని ఆయనది. షార్జా రాకముందు జగిత్యాల బస్టాండు పక్కన ఆయనకు ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్ల సీజనులో ఆయన కోసం పల్లెల నుంచి మనుషులు వచ్చి కూర్చునేవారు, ఎందుకంటే పెళ్లికూతురి ముఖాన్ని ఆయనంత తెల్లగా తేల్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఎవరూ అడగనక్కర్లేదు. కంప్యూటరు మీదికి ముఖం వస్తే ఆయన చెయ్యి దానంతట అదే కదిలి, ముందు దాన్ని రెండు ఛాయలు తేటపరిచేది. సొంత పెళ్లి ఆల్బమ్‌లో మా అక్కనే వదల్లేదు. ఆ ఫొటోలో అక్కను చూసి మా అమ్మ, "ఈ పిల్ల ఎవల పిల్ల?" అందట. బావ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. ఇప్పుడు అదే చేత్తో అక్రా సంతలోని ఆడవాళ్లందరినీ ముందు పెట్టుకుని, ఇంటి పెళ్లి పనిలా శ్రద్ధగా కూర్చున్నాడు. నేను ఫాంట్లు చూశాను, పేజీ అంకెలు చూశాను, ఫొటోల నాణ్యత చూశాను. అన్నీ సరిగా ఉన్నాయి. అచ్చుకు ప్లేట్లు తీశాం.

అచ్చు మొదలుపెట్టవచ్చని మొదటి షీటు మీద సంతకం పెట్టడానికి పుస్తకం రాసిన ప్రొఫెసర్ మేడం అక్రా నుంచి స్వయంగా వచ్చింది. మాస్కు పైన పెద్ద కళ్లద్దాలు, చేతిలో రంగురంగుల బట్టసంచి. షీటును బల్ల మీద పరిచాం. ఆమె వంగి చూసింది. ఒక ఫొటో మీద వేలు పెట్టి ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది.

"వీళ్లెవరు?"

పక్కనే మా మేనేజరు, మేమంతా ముదీర్ అని పిలిచే ఆయన, నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం మాడిపోయింది. ఆమె పుస్తకాన్ని వెనక్కి తీసుకుంటే గ్రంథమాల మొత్తం పోతుంది. నన్ను పక్కకు లాగి హిందీలో గుసగుసగా, "నీ బావ పనేగా ఇది? మేడం వద్దంటే ఖలాస్, అతనికి ఇంటికి టికెట్టే," అన్నాడు. ఊరికే బెదిరించే మనిషి కాదు. బావ వీసా గడువు కూడా దగ్గరపడింది. జగిత్యాల స్టూడియో అప్పటికే ఎత్తేశాడు, వెనక్కి పోతే పట్టుకోవడానికి ఏమీ లేదు.

బావను పిలిచారు. వచ్చి షీటు చూశాడు, మేడంను చూశాడు, నావైపు తిరిగాడు. "మేడంకు జెప్పురా. పెండ్లిపిల్లను జేసినట్టే జేసిన. ఒక్కలకు గూడ తక్వ జెయ్యలే."

నేను ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. మేడం బల్ల పట్టుకుని ఎంతగా నవ్విందంటే, మెషీను దగ్గరి వాళ్లు కూడా ఇటు తిరిగారు. "మీ ముగ్గురిలో ఒక్కరైనా నా పుస్తకం చదివారా?" అంది. పేజీలన్నీ సరిచూసిన నేను తల దించుకున్నాను. ఆమె ఒక అధ్యాయం తీసి నా ముందు పెట్టింది. అది అక్రా ఫొటో స్టూడియోల మీద! అక్కడి ఫొటోగ్రాఫర్లు ముఖాలను ఎలా తేటపరుస్తారో, ఎవరి కోసం తేటపరుస్తారో అందులో ఉంది. నేను నిలబడే ఒక్కో పేరా బావకు తెలుగులో చెప్పాను.

"అంటే ఆడ గూడ మా లెక్కనే ఉన్నరా!" బావ కళ్లు మెరిశాయి. వెంటనే అనుమానం వచ్చింది. "మంచిదని రాసిందా, చెడ్డదని రాసిందా, అడుగు."

అడిగాను. తాను తీర్పు రాయలేదనీ, అడిగి తెలుసుకున్నది మాత్రం రాశాననీ చెప్పింది మేడం. టమాటాలు అమ్మే ఒక ముసలమ్మ, స్టూడియో వాళ్లు తేటపరిచిన తన ఫొటోను తీసుకోకుండానే తిరిగి వచ్చేసిందట. రేపు మనవలు దాన్ని చూసి ఇదెవరు అని అడుగుతారు కదా, అందట.

బావ షీటు మీద వంగి ఆ ముఖాలను ఒక్కొక్కటిగా మళ్లీ చూశాడు. ముదీర్ ఎంతగానో క్షమాపణ చెప్పి, పనిని వేరే మనిషికి ఇస్తానన్నాడు. మేడం ఒప్పుకోలేదు. "ఏ ముఖంలోంచి ఏం తీసేశారో ఈయనకే తెలుసు. తిరిగి పెట్టేది కూడా ఈయనే," అంది. ముదీర్ ఊపిరి పీల్చుకుని, "యల్లా, యల్లా!" అని పనికి తొందరపెడుతూ చప్పట్లు చరిచాడు.

ఆ తర్వాతి పనే అసలు పని. తేటపరచడం తేలిక. చిక్కని ఛాయను చిక్కగా అచ్చువేయడమే కష్టం. ఊరికే నలుపు పెంచితే ఇంకు కూరుకుపోయి ముఖం తారుముద్ద అవుతుంది. మా మొదటి ప్రూఫు అలాగే అయింది. నల్ల ఇంకు తగ్గించి, నీలం, ఎరుపు, పసుపులతోనే ఛాయను కట్టాలని నేను లెక్క వేశాను. రెండో ప్రూఫులో అందరికీ జ్వరం వచ్చినట్టు ఎర్రబడ్డారు. మేడం స్టూలు మీద కూర్చుని చిక్కటి కరక్ చాయ్ తాగుతూ, "ఈమె మా వీధి మనిషే. ఇంత కోపంగా ఎప్పుడూ చూడలేదు," అంది. బావ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అసలు ఫొటో తెరిచి, బట్టలమ్మే ఆమె చెంప మీదే చూపు నిలిపి, ఒక్కసారిగా అరిచాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, దీంట్ల నీలం ఉందిరా! గొంతు కాడ సూడు, చీర రంగు మెరుస్తుంది!"

అది చీర కాదు, ఆమె అమ్ముతున్న పసుపు బట్ట. అయినా నిజమే, మెడ కింద బంగారు రంగు, నుదుటి మీద రాగి, దవడ అంచున నీలం. పెళ్లిళ్ల సీజన్లన్నీ ఆయన తుడిచిపారేసింది ఇదే. కొత్త ప్లేట్లతో మొదటి షీటు మెషీను నుంచి జారి వచ్చింది. మేడం చూసింది, పెదవులు కదిపి ఫొటోలోని ఒకామెను పేరుపెట్టి పిలిచింది, సంతకం పెట్టింది. నేను గాల్లోకి ఎగిరాను. ముదీర్ కూడా నవ్వాడు. ఆ నెలే బావ వీసా పొడిగించారు.

బావ అంతటితో ఆగలేదు. పాత డిస్కులోంచి తన పెళ్లి ఫొటో అసలు ఫైలు తీసి, మా ప్రెస్సులోనే అచ్చువేసి ఇంటికి పంపాడు. అక్క ఫోనులో విరుచుకుపడింది: "గింత నల్లగ జేసినవేంది? ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు?" కొన్నాళ్లు దాన్ని బీరువాలో దాచింది. తర్వాత వాళ్ల పాప దాన్ని చూసి, "అమ్మా, నువ్వే!" అని గుర్తుపట్టిందట. ఇప్పుడది ముందు గదిలో వేలాడుతోంది.

వయసు పెరిగేకొద్దీ ఫొటోలో రంగు వెలిసిపోతుందని మా చదువులో ఒక పాఠం ఉండేది. మా ఇంట్లో మాత్రం, ఏళ్లు గడిచాకే ముఖాలకు రంగు వచ్చింది.