పళ్ళక్క ఇంజను

వీధిలో అందరూ ఆమెను పళ్ళక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆమెకూ పట్టింపు లేదు. పంతొమ్మిదేళ్ళుగా కట్టుడు పళ్ళు తయారు చేసే చోట పని. ఆ వీధిలో సగం మంది ముసలివాళ్ళ నవ్వు ఆమె చేతి చలవే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, వాళ్ళ నోట్లో పళ్ళు లెక్కపెడుతున్నట్టు చూసేది. రెండోసారి ఎవరూ అడగలేదు.

అలాంటి మనిషి ఇంజను చచ్చిన పాత కారొకటి కొని, అక్కావాళ్ళ షెడ్డులో పెట్టించింది. తనే విప్పి బాగుచేస్తానంది. బావకు లారీల గ్యారేజీ. ముప్పై ఏళ్ళుగా గ్రీజులో మునిగి తేలుతున్న మనిషి. ఆ రోజు ఆయన నవ్విన నవ్వుకు రేకుల మీది పావురాలు లేచిపోయాయని అక్క ఇప్పటికీ చెబుతుంది.

"పళ్ళు తోమినట్టు అనుకున్నావా మరదలా? ఇది ఇంజను. నోరు తెరవమంటే తెరవదు."

"తెరిపిస్తాలే బావా."

తెరిపించింది కూడా. ఇంజను నెత్తిన మూతలా కూర్చునే సిలిండర్ హెడ్డును విప్పి, తన వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి పెట్టుకుంది. అందులో గాలీ పెట్రోలూ కలిసి లోపలికి వెళ్ళే దారులు నాలుగు, పొగ బయటికి పోయే దారులు నాలుగు. పోత పోసినప్పుడు మిగిలిన గట్లన్నీ లోపల అలాగే ఉన్నాయి. వాటిని అరగదీస్తే ఇంజనుకు ఊపిరి ఆడుతుంది. చెయ్యి తొట్రుపడి ఎక్కువ గీకితే మాత్రం గోడకు చిల్లి పడి, ఇంజనును చల్లబరుస్తూ అవతల తిరిగే నీళ్ళు ఇవతలికొస్తాయి. ఇక ఆ హెడ్డు పాత ఇనుమే.

పళ్ళ అచ్చులు తీసే గులాబీ రంగు ముద్దను ఒక్కో దారిలో కూరి, గట్టిపడ్డాక మెల్లగా లాగేది. లోపలి ఆకారం వంచిన బొటనవేలిలా చేతిలోకి వచ్చేది. గట్టు ఎక్కడుందో దాని మీద చూసి, చిన్న గ్రైండరుతో అక్కడే గోరంత గీకేది. మళ్ళీ అచ్చు తీసేది, మళ్ళీ గీకేది. నెల తిరిగేసరికి కిటికీలో గులాబీ బొటనవేళ్ళు నలభై దాకా వరసగా నిలబడ్డాయి. చూడ్డానికొచ్చిన అక్క వాటిని చూసి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

సామాను దగ్గర బావకూ ఆమెకూ చెడింది. ఆ దారులను తెరిచి మూసే వాల్వులు పెద్దవి, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్లు రెండు, వాల్వులను కదిపే కామ్ పందెం కార్లది వెయ్యమన్నాడు ఆయన.

"నేను పందెంలోకి పోతున్నానా? పనికి పోతున్నా. పాత కామ్ చాలు, పాత కార్బురేటర్ చాలు. వాల్వులు కొత్తవి, అదే సైజు."

"మరి హెడ్డు కింద వేసే గ్యాస్కెట్టు రెండెందుకు కొన్నావు? ఇంజను ఒకటే కదా."

"పళ్ళు కూడా ఒక్క విడతలో కుదరవు బావా."

ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఆదివారం నాకు షెడ్డు కావాలి. ఆ రోజు మన వీధి ఎత్తు మూడో గేరులో ఎక్కిందా, బండీ నీదే, షెడ్డు తాళమూ నీదే. ఎక్కలేదా, పాత ఇనుమువాడికి అప్పజెబుతా."

"తాళానికి నూనె రాసి పెట్టు," అంది పళ్ళక్క.

ఆదివారం పొద్దున బండి స్టార్టయింది. ఎత్తు సగం దాకా ఎక్కి, జలుబు చేసినట్టు నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. బావ ముందే పిలిపించి పెట్టుకున్న పాత ఇనుమువాడు గొలుసు పట్టుకుని ముందుకొచ్చాడు.

"దిగు మరదలా," అన్నాడు బావ.

"దిగను. గొలుసు వేస్తే నన్ను కూడా కలిపి తూచుకోమను."

"నాకు ఇనుము ఒక్కటే చాలమ్మా," అన్నాడు వాడు కంగారుగా.

"ఆదివారం అన్నావు బావా. ఆదివారం పొద్దున అనలేదు. ఇంకా పొద్దు గుంకలేదు."

బండిని వెనక్కి షెడ్డులోకి దొర్లించి కార్బురేటర్ విప్పింది. లోపలికి వెళ్ళే దారి గోడ మీద పెట్రోలు చెమట బొట్లలా నిలిచి ఉంది. అప్పుడు వెలిగింది ఆమెకు. చేతి అలవాటు కొద్దీ ఎనిమిది దారులకూ అద్దంలా మెరుగు పెట్టేసింది. కట్టుడు పళ్ళకైనా నాలుక తగిలే వైపే మెరుగు పెడతారు. చిగుళ్ళకు ఆనే వైపు పెట్టరు, పెడితే పట్టు పోతుంది. ఆ సంగతి పంతొమ్మిదేళ్ళుగా తెలిసిన మనిషి ఇక్కడ మర్చిపోయింది. పొగ పోయే దారి మెరిసినా ఫరవాలేదు. పెట్రోలు వచ్చే దారి కాస్త గరుకుగా ఉంటేనే అది బొట్లుగా జారకుండా గాలిలో కలుస్తుంది.

హెడ్డు మళ్ళీ విప్పింది. గరుకు కాగితం వేలికి చుట్టి ఆ నాలుగు దారుల మెరుగూ తీసేసింది. పొడి మిగలకుండా కడిగి, ఆరబెట్టి, ఒకసారి నలిగింది మళ్ళీ పనికిరాదు కాబట్టి రెండో గ్యాస్కెట్టు వేసి బిగించింది. అక్క అన్నం తెచ్చి పెడితే చల్లారిపోయింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్న బావ, బోల్టులు బిగించే వరస తప్పుతుందేమోనని కాచుకున్నాడు. తప్పలేదు.

పొద్దు వాలే వేళకు బండి బయటికొచ్చింది. మూడో గేరులో, దగ్గు లేకుండా, ఎత్తు పైదాకా పోయి తిరిగొచ్చింది. ఇనుమువాడు గొలుసు చుట్ట చుట్టేశాడు.

"ఖాళీ బండి," అన్నాడు బావ. "ఒక్క మనిషితో ఏదైనా ఎక్కుతుంది."

పళ్ళక్క అవతలి తలుపు తీసింది. "కూర్చో. అక్కా, నువ్వు వెనక. గొలుసు పట్టుకుని నువ్వూ ఎక్కవయ్యా, బరువు తగ్గిందని మళ్ళీ అంటాడు."

అందరూ ఎక్కారు. బండి వెనక చక్రాల మీదికి కుంగింది. బావ కళ్ళు గేరు రాడ్డు మీదే ఉన్నాయి, రెండోదానికి దిగుతుందేమోనని. ఆమె చెయ్యి దాని జోలికే పోలేదు. ఇంజను గొంతు బరువెక్కింది గానీ ఊపిరి తెగలేదు. పైకెక్కాక బండి ఆపి, ఆయన వైపు అరచెయ్యి చాపింది.

బావ జేబులు రెండూ తడుముకున్నాడు. "తాళం గ్యారేజీలో మరిచిపోయినట్టున్నా."

"నీ పై జేబులో ఉంది," అంది వెనక నుంచి అక్క.