ఇడ్లీ తిండి కాదన్న రోజు

దగ్గరికి జరిగి కూర్చోండి, నేను సిగ్గుతో చచ్చిన ముచ్చట చెబుతాను. యూనివర్సిటీ హాస్టల్లో వంట చేసీ చేసీ మోకాలు అరిగిపోతే, తార్నాక ఆసుపత్రిలో కీలు మార్చే ఆపరేషన్ పెట్టారు. ఆపరేషన్ అయ్యేదాకా ఏమీ తినొద్దని ముందే చెప్పారు. పొద్దున కోడలు గుర్తుచేస్తే, “ఒక్కపొద్దు ఉపాసం నాకు నేర్పుతవా?” అని కసిరాను.

ఆసుపత్రిలో మత్తిచ్చే డాక్టరమ్మ అడిగింది: “ఏమన్నా తిన్నారా అమ్మా?”

“ఏం తినలే బిడ్డా.”

“రెండు ఇడ్లీలు తింటిరి గదా అత్తమ్మా!” అంది కోడలు.

“ఇడ్లీ తిండెట్లయితదే? ఒక్కపొద్దుకు తింటం గదా, అన్నం ముట్టలే!”

డాక్టరమ్మ నవ్వలేదు. “మత్తులో అవి పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణమే పోతుందమ్మా,” అని ఆపరేషన్ మర్నాటికి మార్చింది.

ఆ రోజంతా కోడలి మొహం చూడలేకపోయాను. మీ ఇంట్లో వద్దని చెప్పే నోరూ, వినే చెవీ కలకాలం చల్లగా ఉండాలి.