మోచేతి మడత మీద పరీక్ష

మొహం కడుక్కుంటే మండాలి, మండితేనే మురికి వదిలినట్టు అని జనం నమ్మిన కాలం ఒకటుండేది. తొంభైలలో హోసూరులో ఆ మంటను ఒంటిచేత్తో ఆర్పినవాణ్ణి నేనేనని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటుంటాను. (ఆ చెయ్యి ఎవరిదో కాస్త ఆగి చెబుతాను.) బర్గూరు గ్రానైట్ క్వారీలో మూడేళ్లు రాళ్లు కొట్టి, ఫేస్‌వాష్ తయారుచేసే ఒక చిన్న షెడ్డులో సరుకు కలిపే పనికి చేరాను. సీసాల్లో పోసేముందు దాన్ని మోచేతి మడత మీద రుద్ది చూడడం అక్కడి పద్ధతి. రాతిపొడీ ఎండా కలిసి దున్నపోతు తోలు చేసిన నా చేతికి ఏది రుద్దినా హాయిగానే ఉండేది. "మంట లేదు" అని పుస్తకంలో రాసేసేవాణ్ణి.

మొహాలు ఎర్రబడుతున్నాయని బెంగళూరు అంగళ్లవాళ్లు సీసాలు రెండుసార్లు తిప్పి పంపారు. "ఇంగొక తూరి వాపసు వస్తే నువ్వు మళ్లా క్వారీకే పోవాలప్పా," అన్నాడు ఓనరు.

లేబుళ్లు అంటించే అక్క (మాకందరికీ లేబులక్క) నా చెయ్యి పట్టి చూసి పకపకా నవ్వింది. "ఇది చెయ్యా, బండా? యాసిడ్ పోసినా చల్లగుందంటావు. నా చేతికి పుయ్యి!" ఆమెది ఎండ తగిలినా కందిపోయే ఒళ్లు. కడిగిన నిమిషానికే మడత కుంకుమ రంగుకు తిరిగింది. నురగ కోసం నేను ధారాళంగా పోస్తున్న మందు చర్మంలోని జిడ్డునంతా ఊడ్చేస్తోందన్నమాట. "మండితే నేను ఇంట్లో కలబంద గుజ్జు పూసుకుంటాను. మండినాక పూసేదాన్ని ముందే దీన్లో కలిపితే ఏమైతాదప్పా?" అంది.

వెంటనే కంచె పక్కనున్న కలబంద కోసి, గుజ్జు తీసి కలిపేశాను. నాలుగో రోజుకు సీసాలు ఉబ్బి, కంపు లేచింది. "మొహం మండేది పోయి ముక్కు మండేది వచ్చినాది," అంది అక్క. ఆ తరువాత చెడకుండా శుద్ధి చేసిన కలబంద రసం తెప్పించి కలిపి, నురగ మందు తగ్గించాను. అక్క చెయ్యి రంగు మారలేదు. ఆ సీసాలు తిరిగి రాలేదు.

"ఎవరిదప్పా ఈ ఐడియా?" అన్నాడు ఓనరు. "నాదే సార్," అన్నాను. అంటించబోతున్న లేబుల్ చేతిలో ఉండగానే అక్క నావైపు చూసింది.

సాయంత్రం బస్టాండులో, "తప్పయిపోయిందక్కా," అన్నాను.

"పోనీలేప్పా, క్వారీ తప్పినాది కదా! రేపటి నుంచి పరీక్షకు పెట్టే చెయ్యి నాది. పుస్తకంలో నా పేరు రాయి."

రాశాను. కానీ ఐడియా అక్కదని ఓనరుకు మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు నా తోలు పలచబడింది, తువ్వాలుతో గట్టిగా తుడిచినా కందుతుంది. మనవరాలు తెచ్చే కలబంద ఫేస్‌వాష్‌ను ముందు మోచేతి మడత మీద రుద్ది చూసుకుంటాను. ఆ ఉద్యోగానికి తగిన చెయ్యి నాకు ఇన్నేళ్లకు వచ్చింది.