సాంచాల మోత వినిపించని రోజు

ఈ ఉదయం నా కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అప్‌డేట్ కాగానే తెర నల్లబడింది. లోపల ఫ్యాన్ మాత్రం గుయ్యిమని తిరుగుతోంది, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఇలాంటప్పుడు నాకు విజయ మేడమ్ గుర్తొస్తారు. సిరిసిల్లలో మా బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు.

బడి కంప్యూటర్లన్నింటిలోనూ లినక్సే. ఒకనాడు ప్రింటర్ కనిపించేది కాదు, మరోనాడు వైఫై మాయమయ్యేది. తెలుగు టైపు చేస్తే ఒత్తులు ఊడి పక్కన పడేవి. మేము బిక్కమొహాలు వేస్తే మేడమ్‌కు కోపం వచ్చేది. "మీరేం తప్పు చేయలే. గీ మిషన్‌కే సోయి లేదు" అనేవారు.

కరీంనగర్‌లో విజ్ఞాన ప్రదర్శన కోసం మా బాపు పనిచేసే చోట సాంచాల మోతను వీడియో తీశాను. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఏళ్ళ తరబడి ఆ మోతలో నిలబడి బాపుకు చెవుడొచ్చింది. అది ఎంత మోతో అందరికీ వినిపించాలని నా పట్టుదల. బడిలో ప్రొజెక్టర్ లేకుండా పెడితే బాగానే వినిపించింది. కరీంనగర్‌లో బడి కంప్యూటర్‌ను ప్రొజెక్టర్‌కు తగిలిస్తే బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. మేడమ్ సెట్టింగులన్నీ వెతికారు, స్పీకర్లు మార్చారు. మార్కులు వేసే పెద్దమనిషి గడియారం చూసుకుని, "తయారై రావాలమ్మా" అన్నాడు.

"పిల్ల తయారయ్యే వచ్చింది సార్. మిషనే మొరాయిస్తున్నది. జర ఆగుండ్రి."

ఆయన ఆగలేదు. నేను ఏడ్చాను. మేడమ్ ఓదార్చలేదు, ఆమె మొహం కందిపోయింది.

మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, లినక్స్ తయారుచేసేవాళ్ళు చూసే ఇంటర్నెట్ చర్చావేదికలో జరిగిందంతా రాశారు. ఎవరో జవాబిచ్చాడు: తన కంప్యూటర్‌లో బాగానే ఉందట, మాకే వాడటం రాదట.

"వాని ఇంట్ల మంచిగ నడుస్తె మనకేంది? మళ్ల రాద్దాం" అన్నారు మేడమ్.

ఏం నొక్కామో, ఏం రావాలో, ఏం వచ్చిందో నాతోనే చెప్పించి రాశారు. మాట పడ్డారు, మాట అన్నారు, వదల్లేదు. చాలా నెలల తర్వాత ఒక అప్‌డేట్ వచ్చాక, బడి ప్రొజెక్టర్‌కు పెడితే గదంతా సాంచాల మోత. మేము చప్పట్లు కొట్టాం. మేడమ్ కొట్టలేదు. "గీ పని అప్పుడే చేస్తే ఏం పోయేది?" అన్నారు.

ఇప్పుడు నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. లినక్స్‌నే వాడతాను, తిట్టుకుంటూనే వాడతాను. నిన్న ఒక పెద్దాయన తన లినక్స్ కంప్యూటర్ పట్టుకొచ్చి, "నాకే సమజైతలేదు బిడ్డా" అని తలవంచుకున్నాడు. అంతటి మనిషి చేత ఆ మాట అనిపించిన యంత్రం మీద నాకు ఒళ్ళు మండింది. "మీరు ఫికర్ చేయకుండ్రి, ఏమైందో చెప్పుండ్రి" అని కుర్చీ జరిపాను. ఆయన చెబుతుంటే అంతా టైపు చేసుకున్నాను. ఇక ఆ చర్చావేదికలో ఎవరితోనో పోట్లాడాలి.