బల్ల అదరకుండా

వాచీలు బాగుచేసే ఆయన్ని వీధి వీధంతా నిమిషంగారనే పిలిచేది. ఎప్పుడిస్తారని ఎవరడిగినా, కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే "ఒక్క నిమిషం" అనేవాడు. ఆ నిమిషం ఒక్కోసారి వారం దాకా సాగేది. జనం చాటున నవ్వుకునేవారే గానీ వేరేచోటికి పోయేవారు కాదు. ఆయన చేయి పడ్డ వాచీ మళ్ళీ మొరాయించదు మరి.

కొట్టంటే కొట్టు కాదు, ఓ పాత భవనంలో మెట్ల కింద సందు. నెత్తిమీద జనం ఎక్కుతూ దిగుతూ ఉంటే, ఆయన కింద పొట్టి బల్ల మీద వంగి కూర్చునేవాడు. వంగీ వంగీ మెడ పట్టేసింది. ఇంకా ఇలాగే వంగితే చేతులు కూడా మొద్దుబారతాయని డాక్టరు తేల్చి చెప్పడంతో, కొట్టు ఖాళీ చేసి ఇంట్లోనే బల్ల వేసుకోవాలనుకున్నాడు.

మెడ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. ఎవరికీ చెప్పని సంగతి ఇంకోటుంది. పెళ్ళైన నాటినుంచి ఆయన భార్యని పగటి వెలుగులో చూసింది తక్కువ. పొద్దున్నే పోయి చీకటిపడ్డాక వచ్చే బతుకు. ఆవిడ ముందుగదిలో కిటికీ పక్కన మిషను మీద పిల్లల గౌన్లూ, చొక్కాలూ కుట్టేది. ఆ గదిలోనే ఎదురుగోడకు తన బల్ల పడితే, ఆవిడ పని ఆవిడ చేసుకుంటుంది, తన పని తను చేసుకుంటాడు, మధ్యమధ్య ఓ మాట అనుకోవచ్చు. పిల్లలు లేని ఇల్లు. ఇన్నాళ్ళూ ఇద్దరూ చెరోచోట గడిపారు, ఇకనైనా ఒక్కచోట కూర్చోవాలని ఆయన ఆశ.

వడ్రంగి వచ్చి కొలతలు విని, ఇది బల్లా, పిట్టగోడా అన్నాడు. ఆయన వాణ్ణి కుర్చీలో కూలేసి, మోచేతులు ఎత్తి రొమ్ము ఎత్తున పట్టి చూపించాడు. చేతులు అక్కడ ఆనితే మెడ వంచక్కర్లేదు, వాచీయే కంటి దగ్గరికొస్తుంది. మరలు దొర్లి పడిపోకుండా అంచుల చుట్టూ సన్నటి చెక్కపట్టీ వేయించాడు. ముక్కలు కనబడేలా పైన తెల్లకాగితం పరిచాడు. బల్ల అంచునుంచి ఒళ్ళోకి వేలాడేలా ఒక గుడ్డ కూడా కావాలి, చేయి జారిన ముక్క నేలమీద పడితే ఇక దొరికినట్టే. ఆ గుడ్డ భార్యే కుట్టింది. కుట్టి, ఆయన నడుముకు కట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"ఒళ్ళో జోలె పెట్టుకుని కూర్చున్నట్టుంది. దారినపోయేవాళ్ళు చిల్లర వేసిపోతారు, తలుపు వేసుకోండి" అంది.

ఆ మాటకి ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

మర్నాడు పొద్దున ఒక ఆడవాళ్ళ వాచీ విప్పాడు. లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు చుట్ట ఉంటుంది. దాన్ని పట్టకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి, సరిగ్గా దింపుతున్న క్షణాన ఆవిడ మిషను తొక్కింది. ఆ ఇంటి నేల చెక్కలది. కాలు కదిలితే నేల కదిలింది, నేలతో బల్ల కదిలింది. చుట్ట వంకరపోయింది.

"ఒక్క నిమిషం ఆగు" అన్నాడు.

ఆవిడ ఆగింది. సగం కుట్టిన అంచు సూది కిందే ఉండిపోయింది. ఆ రోజు అలా ఎన్నిసార్లు ఆగిందో ఆయన పట్టించుకోలేదు. ఆ తర్వాత ఫ్యాను ఆగింది, గాలికి స్ప్రింగులు ఎగిరిపోతున్నాయని. ఒకాయన వాచీ తిరిగొస్తే విప్పి చూశాడు. పళ్ళచక్రంలో ఎర్రటి నూలుపీచు చిక్కుకుని ఉంది. అప్పట్నుంచి బట్ట దులపడం కూడా బంద్. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆస్పత్రిలో రోగిని చూడ్డానికొచ్చినట్టు గుసగుసలాడి, చెమటలు తుడుచుకుంటూ వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకి వాళ్ళూ రావడం తగ్గించారు.

ఓ రోజు ఆయన మందులషాపుకెళ్ళి వచ్చేసరికి కిటికీ పక్కన మిషను లేదు. పక్కవాటా ఆయన చెల్లెలిది. వదినా ఆడపడుచూ కలిసి దాన్ని మోసుకుపోయి ఆ వరండాలో పెట్టుకున్నారు. మీ పని పాడవకూడదని, అంది భార్య. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. ఆయన పొరపాటంతా అక్కడే జరిగింది. అయ్యో అనలేదు, వద్దనలేదు. మనసులో ఎంతో మెచ్చుకుని, ఆ సాయంత్రమే బల్లని కిటికీ దగ్గరికి, మిషను ఉండే చోటుకి జరుపుకున్నాడు. ఎడమవైపునుంచి చక్కటి వెలుగు. జన్మలో అలాంటి చోట కూర్చుని పని చెయ్యలేదు.

బల్ల కదలడం లేదు. దుమ్ము లేదు, గాలి లేదు. మెడ నొప్పి పోయింది. చెప్పిన రోజుకి వాచీలు ఇచ్చేస్తుంటే, జనం నిమిషంగారికేమైందని ఆశ్చర్యపోయారు. అయితే పని తొందరగా అయిపోయేది, పొద్దు మాత్రం గడిచేది కాదు. చక్రం సరిగ్గా కూర్చున్నప్పుడు తలెత్తి ఏదో అనబోయేవాడు. ఎదురుగా గోడ.

గోడవతల మిషను టకటకలాడేది. దానికి తోడు ఆడవాళ్ళ మాటలు, ఎవరో ఎవరినో వెక్కిరించడం, గొల్లుమని నవ్వులు. అందులో భార్య నవ్వు ఏదో ఆయనకి తెలిసేది కాదు. మొదట అది వింతగా తోచింది, తర్వాత బాధేసింది. అంత పెద్దగా ఆవిడ నవ్వగా ఆయన ఎప్పుడూ వినలేదు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక వెళ్ళాడు. వరండాలో నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. ఆయన్ని చూడగానే మాటలు ఆగిపోయాయి. ఒకావిడ కొంగు సర్దుకుంది. భార్య అలవాటుకొద్దీ కాలు పైకెత్తి మిషను ఆపేసింది. ఏం కావాలన్నట్టు అందరూ చూశారు. కత్తెరకి పదును పెట్టాలేమోనని వచ్చానన్నాడు. మొన్ననే పెట్టించామంది చెల్లెలు. ఆయన వచ్చినదారినే వెనక్కొచ్చాడు. గుమ్మం దాటాక గానీ లోపల మాటలు మళ్ళీ మొదలవలేదు.

ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఒక్కడే తంటాలుపడి బల్లని మళ్ళీ వెలుగు పడని ఎదురుగోడ దగ్గరికి ఈడ్చాడు. కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. స్ప్రింగుల పని ఆవిడ వంటలో ఉన్నప్పుడు చేసుకోవచ్చని లెక్కవేసుకున్నాడు. కిటికీ పక్కన చోటు ఊడ్చి తుడిచాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర, అన్నం కలుపుతూ, ఆవిడ మొహం చూడకుండా అన్నాడు.

"కిటికీ దగ్గర ఖాళీ చేశాను. మిషను తెచ్చేసుకో."

ఆవిడ కూర వడ్డిస్తున్నదల్లా ఆగి ముందుగదివైపు చూసింది. చూసి, ఆయనకి ఇష్టమని ఇంకో గరిటె వేసింది.

"ఎందుకండీ ఇప్పుడు. అక్కడ బాగానే ఉంది."

"ఫ్యాను వేసుకుందాం. బట్ట దులిపినా ఏమీ అనను."

"మీరు అనరు, నాకు తెలుసు. నేనే ఆగుతాను. మీరు ఊపిరి బిగబడితే నా కాలు దానంతటదే లేస్తుంది. మీరున్నచోట కుట్టుపని నాకిక చేతకాదండీ. అక్కడైతే నా కాలు నా ఇష్టం."

కోపంగా చెబితే బతిమాలేవాడేమో. ఆవిడ పులుపు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది. రాత్రి భోజనాలు ఎప్పటిలాగే కలిసే చేద్దామంది. ఆయన తలూపి తినడం ముగించాడు. ఆవిడ గిన్నెలు సర్దేసి, ఆయన దగ్గర మంచినీళ్ళు పెట్టి, పక్కవాటాకి వెళ్ళిపోయింది.

ఆయన బల్లని తిరిగి కిటికీ దగ్గరికి జరపలేదు. పట్టపగలే దీపం వేసుకుని చీకటిగోడ దగ్గర కూర్చుంటున్నాడు. కొన్నాళ్ళకి చెల్లెలు, ఆగిపోయిన చేతివాచీ ఒకటి పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వెలుగంతా అటు పెట్టుకుని ఈ మూల కూర్చున్నావేంటన్నయ్యా? బల్ల అటు జరుపుకో. వదిన రాదు."

"తెలుసు" అన్నాడాయన. వాచీ అందుకుని వెనకమూత తెరిచి, భూతద్దం కంటికి పెట్టుకున్నాడు.

చెల్లెలికి ఇంకా ఏదో అనాలనిపించినట్టుంది. కానీ ఆయన చేతిలో పట్టకారు చూసి నోరు మూసుకుంది. ఆయన ఉండమనేలోపే వెనక్కి తిరిగి, బల్ల అదురుతుందేమోనని మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది.