జలపాతం కింద ఆరు జాగాలు

ముగ్గురు మనుషులతో ఆరు జాగాలు పట్టాను. ఎర్రగడ్డ మార్కెట్లో పప్పుల దుకాణం నడిపే ఇంట్లో పుట్టి, పదిహేడేళ్ళు ఫౌజులో చేసినవాణ్ణి. ఆ ఆరు జాగాలకన్నా గొప్ప బేరం నా జన్మలో చేయలేదు.

గురువారం ఉదయం ఆరుంబావుకి ఆదిలాబాద్ అడవిలో దిగాం. నేను, వంటమాస్టర్, డ్రైవర్. సన్నని వాన. టేకుచెట్ల మధ్య మిట్ట మీద ఆరు చదును జాగాలు. నలభై అడుగుల కింద వాగు. ఎగువన జలపాతం. అక్కడ ముందుగా రాయించుకోవడం ఉండదు. ముందొచ్చి డేరా వేసుకున్నవాడిదే జాగా. మనుషులు లేని డేరాను అటవీశాఖ గార్డు పీకేస్తాడు.

నన్ను పంపింది ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా ఆఫీసు. ఫౌజు నుంచి వచ్చాక అక్కడ సెక్యూరిటీ చూసేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మిన డబ్బుతో మా నిర్మాత మొదటి సినిమా తీస్తున్నాడు. యూనిట్ శుక్రవారం సాయంత్రానికి రావాలి.

"ఆరూ మనకే కావాలండీ హవల్దార్ గారూ. ఒక్కటి పోయినా ఫ్రేములో ఎవడి లుంగీయో ఆరుతుంటుంది," అన్నాడు మేనేజర్.

కొద్దిమంది చాలామందిలా కనబడటం సరిహద్దులో నేర్చుకున్నాను. మేము ముగ్గురం ఒక డేరాలో సర్దుకున్నాం. కానీ ప్రతి డేరా ముందూ రెండు జతల బూట్లు. తాడు మీద తడి తువ్వాలు. లోపల పరుపులు, దుప్పట్లు. గార్డు బూట్లు లెక్కపెట్టుకుని పోయాడు.

"అన్నా, ఫౌజుల గిట్లనే గెలిచిన్రా?" అన్నాడు వంటమాస్టర్.

"గెలిచినమో లేదో గాని, జాగా ఇడ్వలే."

శుక్రవారం రెండు గంటలకు మోటారుసైకిల్ మీద ఒక జంట వచ్చింది. మధురానగర్ వాళ్ళు. కొత్త డేరా, ధర చీటీ కూడా తీయలేదు.

"అన్నా, జర ఒక్క జాగా," అన్నాడతను.

"ఫుల్."

ఆమె డేరాల వైపు చూసింది. "మనుషులే కనిపిస్తలేరు గద."

"పండుకున్నరమ్మా."

"అందరా?"

"రాత్రి డ్యూటీ."

ఆమె నవ్వింది. నమ్మలేదు. ఇద్దరూ దిగి వాగు ఒడ్డున డేరా వేసుకున్నారు. ఫౌజులో వాగు ఒడ్డున డేరా వేసినవాణ్ణి నేనే తిట్టేవాణ్ణి. ఆ రోజు నోరు మెదపలేదు. వద్దంటే మళ్ళీ జాగా అడుగుతారు.

నాలుగింటికి ఎగువన వాన దట్టమైంది. నాలుగూ నలభైకి, నీళ్ళకు దిగిన డ్రైవర్ వాకీటాకీలో పిలిచాడు.

"అన్నా, వాగు ఎర్రగైంది."

"ఎందాక వచ్చింది?"

"వాళ్ళ డేరా దాంక."

తాడు తీసుకుని దిగాను. ఆమె చెయ్యి దొరికింది. అతను బండి తాళాల కోసం మళ్ళీ డేరాలోకి దూరాడు. డేరా అతనితో సహా పోయింది. శనివారం ఉదయం తొమ్మిదింటికి రెండు కిలోమీటర్ల దిగువన దొరికాడు.

యూనిట్ రాలేదు. వాన చూసి శుక్రవారం పొద్దున్నే షూటింగ్ రద్దు చేశారట. అడవిలో ఫోన్ కలవదు.

ఆదివారం ఫిల్మ్‌నగర్ ఆఫీసులో సామాను అప్పగించాను.

"ఒక్క పరుపే తడిసిందేంటండీ?" అన్నాడు మేనేజర్.

సంతకం పెట్టి వచ్చేశాను.

ఇప్పటికీ కళ్ళ ముందు నిలిచేది వాగు కాదు, మూడో డేరా. తడి బట్టలతో ఆమెను అందులో కూర్చోబెట్టాం. పరుపు మీద ఒక అంచుకు జరిగి కూర్చుంది. రెండో మనిషికి సరిపడా చోటు వదిలింది.

పట్టిన జాగాలు ఆరు. మాకు అవసరమైంది ఒకటి. నాలుగు ఎవరికీ అక్కర్లేకపోయాయి. మిగిలినదాన్ని ఇద్దరు అడిగారు. నేను ఇచ్చేసరికి ఒక్కరే ఉన్నారు.